బిళ్ళంగోడు, చిర్రగోనె, గోటీబిళ్ళ: మీ ఊళ్లో రూల్ ఏంటి?

నల్లరేగడి | జనవరి 5, రాత్రి 9:40

సంక్రాంతికి ఊరెళ్తున్నాం. ఈసారి అన్నదమ్ముల పిల్లలు, అక్కచెల్లెళ్ల పిల్లలు అంతా కలిపి పదకొండు మంది దిగుతున్నారు. పోయినేడు మూడు రోజులూ ఛార్జర్ కోసం కొట్టుకోవడం తప్ప ఇంకో ఆట ఆడలేదు. అది చూసి ఒళ్లు మండి మా నాన్న ఈసారి ముందే తుమ్మకొమ్మ కొట్టించి నీడలో ఆరబెట్టాడు, బిళ్ళంగోడు ఆడిద్దామని. నేను హుషారుగా రూల్స్ రాద్దామని కాగితం తీసుకుని కూర్చున్నాను. మూడో లైను దగ్గరే ఆగిపోయాను.

గుంట మీద బిళ్ళని అడ్డంగా పెట్టి కర్రతో ఎగదోస్తాం. అవతలివాళ్లు గాల్లో పట్టుకుంటే ఔట్. పట్టుకోలేకపోతే, గుంట మీద పడుకోబెట్టిన కర్రకి గురిచూసి బిళ్ళ విసురుతారు, తగిలితే ఔట్. ఇంతవరకూ గ్యారంటీ. ఆ తర్వాత బిళ్ళ మొన మీద తట్టి, లేవగానే బాదాలి. దానికి ఎన్ని ఛాన్సులు? ఒకటా, మూడా? గాల్లో ఉండగానే రెండుసార్లు తాకిస్తే లెక్క రెట్టింపు అని మా వీధిలో ఉండేది, పక్క వీధిలో ఉండేది కాదు. ఓడినవాడు ఏం చేయాలి? మా తమ్ముణ్ణి అడిగితే అన్నిటికీ వేరే జవాబు చెప్పాడు. ఇద్దరం ఒకే వీధిలో, ఒకే గుంట దగ్గర ఆడాం మరి!

మీ ఊరి రూల్ చెప్పండి. ఎక్కువ మంది ఏది చెప్తే అది కాగితం మీద పెడతాను.

చిర్రగోనె | జనవరి 5, రాత్రి 10:15

అన్నా, మా కరీంనగర్ దిక్కు ఆ ఆట పేరే నేను పెట్టుకున్నా. చిన్నది చిర్ర, పొడుగుది గోనె. మూడు దెబ్బలు ఉంటాయి. మూడింట్లో చిర్ర లేవలేదంటే నీ పని అయిపోయినట్టే.

అసలు మజా లెక్క దగ్గర ఉంటది. చిర్ర పడ్డచోటు నుంచి గుంట దాకా ఎన్ని గోనెలో కొట్టినోడే చెప్పాలి, అదీ కంటితో చూసి. "నలభై" అన్నాడనుకో, అవతలివాళ్లకి సబబు అనిపిస్తే ఇచ్చేస్తారు. అనిపించకపోతే కొలుస్తారు. నలభైకి ఒక్కటి తక్కువొచ్చినా మొత్తం తూచ్, పైగా ఔట్. అందుకే ముప్పై అయిదు ఉన్నచోట ముప్పై అడిగి ఊరుకున్నోడే తెలివైనోడు. మా చిన్నాయన ఎప్పుడూ ఎక్కువ అడిగి మునిగేవాడు. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతున్నాడు, అలవాటు మారలేదు.

బొంగరంతాడు | జనవరి 5, రాత్రి 10:48

మాది కడప పక్కన. మాకు ఈ అడగడాలు, ఇచ్చేయడాలు లేవు. ఓడినోడు బిళ్ళ పడ్డచోటు నుంచి గుంట దాకా ఒకే గుక్కలో కూత పెట్టుకుంటా పరిగెత్తాల. ఊపిరి ఎక్కడ తెగితే అక్కడి నుంచి మళ్లీ బిళ్ళ కొడతారు, మళ్లీ పరిగెత్తాల. ఒకరోజు నన్ను చెరువుకట్ట దాకా తోలారు. చీకటి పడిందని మా అమ్మ వెతుక్కుంటూ వస్తే ఆట ఆగింది, లేకపోతే ఇప్పటికీ పరిగెత్తుతూ ఉండేవాణ్ణి.

పాత_డ్రిల్లుమాస్టారు | జనవరి 6, ఉదయం 6:05

నల్లరేగడి గారూ, ముప్పై ఏళ్లు విజిల్ ఊదినవాణ్ణి. రూల్స్ సంగతి తర్వాత, ముందు కర్ర సంగతి చూడండి. కర్ర మూరన్నర లోపు చాలు. బిళ్ళ జానకి కాస్త తక్కువ. రెండు కొసలూ చెక్కాలి గానీ పెన్సిల్ ముక్కులా చెక్కకూడదు. మొద్దుగా, చింతగింజంత వెడల్పు మిగలాలి. నా ఎడమ కనుబొమ మీద మూడు కుట్లు ఉన్నాయి. అది నేను క్యాచ్ పట్టబోయిన బిళ్ళే. అర అంగుళం కిందకి వచ్చుంటే నేను డ్రిల్లు మాస్టారు అయ్యేవాణ్ణి కాదు. చిన్నపిల్లల్ని కొట్టేవాడికి ఎదురుగా నిలబెట్టొద్దు, పక్కలకి నిలబెట్టండి. మరీ పసివాళ్లని ఆటలో అరటిపండుగా ఉంచి, బిళ్ళ ఏరుకొచ్చే పని అప్పజెప్పండి. వాళ్లకీ సరదా.

ఇక కొలత. కొట్టినవాడి కర్రతోనే కొలవాలి. ఇది ఏ ఊళ్లోనైనా రూలే.

చిర్రగోనె | జనవరి 6, ఉదయం 8:20

మాస్టారూ, ఆ రూల్లోనే తొండి ఉంది. కర్ర పొట్టిదైతే అదే దూరానికి లెక్క ఎక్కువ వస్తది కదా. మా అన్న రోజూ రాత్రి వాడి గోనెని వేలెడంత గీకేవాడు. వారం అయ్యేసరికి గరిటె అంత అయింది. అప్పుడు గానీ మాకు వెలగలేదు.

పాత_డ్రిల్లుమాస్టారు | జనవరి 6, ఉదయం 8:55

గరిటెతో కొడితే బిళ్ళ ఎంత దూరం పోతుంది నాయనా? పొట్టి కర్రకి దెబ్బలో బలం ఉండదు, పొడుగు కర్రకి కొలతలో లాభం ఉండదు. ఆ రెంటి మధ్య ఎక్కడ ఆగాలో ఎవరికి వాడు తేల్చుకోవాలి. అందుకే కర్ర పొడుగు ఇంత అని ఎవరూ రాయలేదు. మీ అన్న అత్యాశకి పోయాడు, అంతే.

సోలాపూర్_మగ్గం | జనవరి 6, మధ్యాహ్నం 1:30

మా తాతల కాలంలోనే నేత పని మీద ఇటు వచ్చేశాం, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. ఇక్కడ ఈ ఆటని విటీ దాండూ అంటారు. ఇందులో ఒక పద్ధతి ఉంది. కొలిచేటప్పుడు ఒకటి, రెండు అని మరాఠీలో "ఏక్, దోన్" అనరు. "వకట్, లేండ్, మూండ్, నాల్" అంటారు. ఏ అంకె దగ్గర కొలత ఆగితే దానికి తగ్గట్టు బిళ్ళని ఒక్కో చోట పెట్టి కొట్టాలి. కాలి మీద పెట్టి ఒకటి, పిడికిలి మీద ఒకటి, తల వెనక్కి వాల్చి కంటి మీద పెట్టి ఒకటి.

చిన్నప్పుడు నేను ఆ మాటలు అంటుంటే మా నాయనమ్మ నవ్వేది. "ఒకటి, రెండు, మూడు, నాలుగే కదరా, వంకర్లు పోతావెందుకు" అని. నా మరాఠీ స్నేహితులకి ఆ మాటల అర్థం తెలియదు, ఆటలో అలా అంటారంతే. మన అంకెలు వాళ్ల గుంట దగ్గరికి ఎప్పుడు చేరాయో గానీ, చేరి అక్కడే ఉండిపోయాయి.

నల్లరేగడి | జనవరి 6, మధ్యాహ్నం 2:10

అయ్య బాబోయ్, ఒళ్లు జలదరించింది. ఈ లెక్క మాత్రం పిల్లలకి నేర్పాల్సిందే. కంటి మీద పెట్టేది తప్ప. మాస్టారి కుట్లు గుర్తొస్తున్నాయి.

కూతగాడు | జనవరి 6, రాత్రి 8:45

మీరంతా ఊరికో రూల్ అని మురిసిపోతున్నారు గానీ, ఆట చచ్చిపోయింది కూడా అందుకే. నా మాట కాస్త కటువుగా ఉంటే ఏమనుకోవద్దు. చెడుగుడు, అదే కబడ్డీ, చూడండి. అదీ ఒకప్పుడు ఊరికో రకంగా ఉండేది. ఔటైనవాడు మళ్లీ లేచేది ఒకటి, లేవనిది ఒకటి, పంజాబులో గుండ్రటి బరిలో ఆడేది ఇంకొకటి. కొందరు కూర్చుని రూల్స్ ఒక దారికి తెచ్చారు. అమరావతి వ్యాయామ మండలి వాళ్లు (మన అమరావతి కాదు, విదర్భది) 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ అప్పుడు ఆడి చూపించారు. 1950లో ఫెడరేషన్ వచ్చింది. 1990లో బీజింగ్ ఏషియాడ్‌లో పతకాల ఆట అయింది. 2014లో ప్రో కబడ్డీ. 2023 వేలంలో మన తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షలకి పైగా పెట్టి కొన్నారు. బరి 13 మీటర్లు, 10 మీటర్లు. ఏడుగురు. కూతకి 30 సెకన్లు. ఇరాన్ వాడికీ అదే, ఇచ్ఛాపురం వాడికీ అదే. 2018 జకార్తాలో ఇరాన్ వాళ్లు మగవాళ్లలో, ఆడవాళ్లలో రెండు బంగారాలూ ఎగరేసుకుపోయారంటే ఆ రూల్స్ వల్లే కదా.

బిళ్ళంగోడుకి అలాంటి కాగితం ఎవరూ రాయలేదు. ఫలితం, మనం ఇక్కడ కూర్చుని గుర్తు చేసుకుంటున్నాం.

పాత_డ్రిల్లుమాస్టారు | జనవరి 7, ఉదయం 5:50

కూతగాడు గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. ఖోఖో కూడా అలా బాగుపడిందే. పూణేలో డెక్కన్ జింఖానా వాళ్లు 1914లో దానికి రూల్స్ రాశారు. కానీ మీ పేరే కూతగాడు. ఒక్కటి అడుగుతా, టీవీలో మీకు కూత వినిపిస్తుందా?

నేను డెల్టాలో పనిచేసేటప్పుడు సంక్రాంతి టోర్నమెంట్లకి రిఫరీగా వెళ్లేవాణ్ణి. దున్నిన నేల మీద నీళ్లు చల్లి, చెక్కతో చదును చేసిన బరి. అప్పట్లో గడియారం లేదు, ఊపిరే గడియారం. కూతకొచ్చినవాడి నోటి దగ్గర చెవి పెట్టి వంగి పరిగెత్తడమే నా పని. ఒకసారి ఒక కుర్రాణ్ణి ఆరుగురు కలిసి బోర్లా పడేశారు. మీద ఆరుగురు, కింద వాడు, మొహం బురదలో. జనం అయిపోయిందనుకుని లేచి నిలబడ్డారు. నేను మోకాళ్ల మీద పడి చెవి ఆనించాను. "గుడు గుడు గుడు" సన్నగా వస్తూనే ఉంది, బురదలో బుడగలు పగిలినట్టు. చెయ్యి అంగుళం అంగుళం జరుగుతూ వచ్చి గీత తాకింది. ఆరుగురూ ఔట్. నేను విజిల్ ఊదితే ఊళ్లో సగం మంది నా మీదకి కొట్టడానికి వచ్చారు, మేం వినలేదు కూత తెగింది అని. విన్నది నేనొక్కణ్ణే.

ఇప్పుడూ రూల్ బుక్కులో కూత ఉంది. కానీ గంట కొట్టేది గడియారం. రెంటినీ పోల్చి చూస్తే నాకు ఇప్పటి ఆటే ఇష్టం, కుర్రాళ్లకి నాలుగు రూపాయలు వస్తున్నాయి. అయినా పోయింది పోయిందని చెప్పాలి కదా.

కూతగాడు | జనవరి 7, ఉదయం 9:30

మాస్టారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. మా నాన్న కూడా కూత గురించే చెప్తాడు.

తొక్కుడుబిళ్ళ | జనవరి 7, ఉదయం 11:15

ఇంత చర్చలో ఒక్క ఆడపిల్ల లేదు, గమనించారా? బిళ్ళంగోడు, గోళీలు, బొంగరం వీధిలో. అచ్చనగాయలు, తొక్కుడుబిళ్ళ, చెమ్మచెక్క, వామనగుంటలు ఇంటి అరుగు మీదా, వాకిట్లో. ఎవరు రాశారో ఈ రూలు మాత్రం అన్ని ఊళ్లకీ ఒకటే! జట్లు పంచుకోవడానికి ఉద్దులు పట్టేటప్పుడు నేను వెళ్లి నిలబడితే "నువ్వెళ్లి పంటలు వేసుకోపో" అనేవాళ్లు. కోతికొమ్మచ్చిలో మా పెద్దనాన్న కొడుకు ఎక్కలేని చింతకొమ్మ నేను ఎక్కేదాన్ని. పైకెక్కి కూర్చున్నందుకు తిట్లు నాకే పడేవి.

హైస్కూల్లో ఖోఖో దొరికింది. తొమ్మిది మందిలో ఎనిమిది మంది గళ్లలో ఒకరు ఇటు, ఒకరు అటు ముఖం పెట్టి కూర్చుంటారు, ఒకరు తరుముతారు. కూర్చున్నప్పుడు వీపు వెనక ఎవరున్నారో కనిపించదు. అడుగుల చప్పుడు, ఊపిరి మాత్రం తెలుస్తుంది. వీపు మీద చెయ్యి పడి "ఖో" వినపడగానే లేవాలి. ఆ ఒక్క క్షణం కోసం వారమంతా ఎదురుచూసేదాన్ని. ఆ పీరియడ్ కాస్తా లెక్కల సారు తీసేసుకునేవారు, సిలబస్ అవలేదని. పదో తరగతిలో మొత్తం ఆరుసార్లు ఆడాం. లెక్కపెట్టాను.

2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో మొదటి ప్రపంచ కప్ జరిగింది. మన ఆడపిల్లలు ఫైనల్లో నేపాల్ మీద 78-40తో గెలిచారు. మగవాళ్లు కూడా నేపాల్ మీదే 54-36. ఆడపిల్లల ఫైనల్ ఫోన్‌లో చూస్తూ పాలు పొంగబెట్టుకున్నాను. మా ఆయన "ఎవరో తెలిసినవాళ్లా" అని అడిగారు.

నల్లరేగడి గారూ, మీ పదకొండు మందిలో ఆడపిల్లలు ఎందరు?

నల్లరేగడి | జనవరి 7, మధ్యాహ్నం 12:40

అయిదుగురు. అక్కా, నిజం చెప్పాలంటే నా కాగితం మీద జట్లు రాసినప్పుడు ఆరుగురి పేర్లే రాశాను. ఇప్పుడే చూసుకున్నాను. సిగ్గేసింది. మార్చేశాను.

పందెంకోడి | జనవరి 7, సాయంత్రం 4:00

సంక్రాంతి అంటే బరి, కోడి, కత్తి. ఇవన్నీ పిల్లకాయల ఆటలు. అసలు సంప్రదాయ క్రీడ గురించి ఎవరూ మాట్లాడరేం?

నిర్వాహకుడు | జనవరి 7, సాయంత్రం 4:25

1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కింద పందెం నేరం, జంతుహింస చట్టం ఉండనే ఉంది. పైగా ఆడేది కోడి, మీరు కాదు. ఆ చర్చ ఇక్కడ వద్దు. ఎడ్ల బండలాగుడు మీద వేరే చర్చ నడుస్తోంది, కావాలంటే అక్కడికి వెళ్లండి.

లెక్కలపిచ్చి | జనవరి 7, రాత్రి 9:10

పగలు పది నుంచి నాలుగు దాకా ఎండలో తిప్పుతారా పిల్లల్ని? మధ్యాహ్నానికి అష్టాచెమ్మా పెట్టండి. సుద్దముక్కతో అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్లు, నాలుగు గవ్వలు చాలు. గవ్వలు లేకపోతే చింతపిక్కలు ఒక పక్క అరగదీయండి. (అరగదీశాక వేడిగా ఉన్నప్పుడు పక్కవాడి మోచేతికి చురక అంటించడం ఆటలో భాగమే అని మా ఊరి రూల్.)

నాకు ఇందులో నచ్చేది లెక్క. గవ్వ వెల్లకిలా పడటం, బోర్లా పడటం సమానం అనుకుందాం. నాలుగు గవ్వలకి 16 రకాలు. ఒకటి పడే అవకాశం 16లో 4, రెండు పడేది 6, మూడు పడేది 4. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, 16లో 1. నాలుగూ బోర్లా పడితే అష్టా, అదీ 16లో 1. అంటే ఎనిమిది గళ్లు ఇచ్చే అష్టా, నాలుగు గళ్లు ఇచ్చే చెమ్మా ఒకే అంత అరుదు! సగటున ఒక పందేనికి రెండున్నర గళ్లు. అష్టా గానీ చెమ్మా గానీ పడి మళ్లీ పందెం దొరికే అవకాశం ఎనిమిదింట ఒకటి. అయితే నిజం గవ్వ అలా సమంగా పడదు, దాని వీపు గుండ్రం, పొట్ట చదును. అరగదీసిన చింతపిక్క సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అమ్మమ్మ తన పిక్కలు తప్ప వేరేవి ముట్టుకునేది కాదు. ఎందుకో నాకు ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో అర్థమైంది.

బొంగరంతాడు | జనవరి 7, రాత్రి 9:50

మూడుసార్లు వరసగా అష్టా పడితే మురిగిపోతుందా, లేదా? అవతలివాడి కాయ ఒక్కటన్నా చంపకుండా లోపలి గళ్లలోకి పోవచ్చునా?

లెక్కలపిచ్చి | జనవరి 7, రాత్రి 9:58

మొదటిదానికి, మురిగిపోతుంది. రెండోదానికి, పోకూడదు.

చిర్రగోనె | జనవరి 7, రాత్రి 10:01

మొదటిదానికి, మురగదు. రెండోదానికి, పోవచ్చు.

నల్లరేగడి | జనవరి 7, రాత్రి 10:04

మళ్లీ మొదలు!

సోలాపూర్_మగ్గం | జనవరి 8, ఉదయం 7:15

ఇద్దరే మిగిలితే పులి-మేక కూడా ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి తింటుంది, మేకలు పులిని కదలకుండా కట్టేయాలి. మేకలన్నీ పటం మీదకి వచ్చేదాకా ఏ మేకా కదలకూడదు. పాత గుళ్ల మండపాల్లో నేల బండల మీద ఈ పటం గీసి ఉంటుంది, ఈసారి దర్శనానికి వెళ్తే కిందకి చూడండి. పిల్లలు ముందు పులే కావాలంటారు. నాలుగు ఆటలు ఓడాక మేకలు అడుగుతారు.

నల్లరేగడి | జనవరి 17, రాత్రి 10:20

హైదరాబాద్ తిరిగొచ్చాం. మీ అందరికీ రిపోర్టు బాకీ ఉన్నాను.

కాగితం ప్రింటు తీసి పట్టుకెళ్లాను. భోగి రోజు మధ్యాహ్నం చదివి వినిపించాను. మూడు ఛాన్సులు, కంటితో లెక్క అడగడం, ఓడితే కూత. పిల్లలు బుద్ధిగా విన్నారు. పదిహేను నిమిషాల ఆటకే కాగితం ఎటో పోయింది. సాయంత్రానికి వాళ్ల రూల్స్ వాళ్లవి. పార్కింగ్‌లో ఉన్న మా బావ కారుకి తగిలితే ఇరవై మైనస్. బిళ్ళ వెళ్లి గేదె కింద పడితే గేదె లేచేదాకా ఆట ఆపాలి, ఎవరూ అదిలించకూడదు. నాయనమ్మ వాకిట్లోకి వెళ్తే సిక్సర్. కూత అంటే ఏమిటో మొదట అర్థం కాలేదు. ఒకడు ఊపిరి బిగబట్టి "ఓటీపీ ఓటీపీ ఓటీపీ" అంటూ పరిగెత్తాడు. మిగతావాళ్లందరూ అదే పట్టుకున్నారు.

"వకట్, లేండ్, మూండ్" మాత్రం సూపర్ హిట్. మా నాన్నకి ఎంత నచ్చిందంటే పండగ మూడు రోజులూ బూరెలు కూడా అలాగే లెక్కపెట్టాడు.

గొడవలు బోలెడు జరిగాయి. మా చెల్లెలి కొడుకు రెండుసార్లు అలిగి డాబా ఎక్కాడు. కనుమ నాడు పొద్దున్నే ఫోన్లు ఎక్కడున్నాయో వెతకాల్సి వచ్చింది, ఎవరూ ఛార్జింగ్ పెట్టలేదు. దెబ్బలంటే ఒక్క మోకాలు, అదీ కర్ర వల్ల కాదు, పేడలో జారి.

గెలిచింది మా తమ్ముడి కూతురు, తొమ్మిదేళ్లు. చివరి రోజు అరవై రెండు అడిగింది. అంత దూరం లేదని అందరూ ఒకటే గోల. కొలిస్తే అరవై మూడు వచ్చింది.

తొక్కుడుబిళ్ళ | జనవరి 17, రాత్రి 10:32

నా బంగారం!

చిర్రగోనె | జనవరి 17, రాత్రి 10:35

అన్నా, ఒక్క డౌటు. కొలిచింది ఎవరి కర్రతో?

నల్లరేగడి | జనవరి 17, రాత్రి 10:41

దానిదే. మాస్టారి రూల్ కదా.

ఇప్పుడు మీరు అడిగాక వెళ్లి చూశాను. కర్ర వదిలిపెట్టనని గొడవచేసి బ్యాగులో పెట్టించుకుని వచ్చింది. నాన్న చెక్కి ఇచ్చినప్పుడు అన్ని కర్రలూ మూరన్నర. ఇది మూర మీద నాలుగు వేళ్లు ఉంది. కొస కొత్తగా గీకినట్టు తెల్లగా ఉంది.

పాత_డ్రిల్లుమాస్టారు | జనవరి 18, ఉదయం 5:45

నాలుగు వేళ్ల దగ్గర ఆగింది చూశారా. పిల్లకి ఆట వచ్చింది.